అలాగేనండి అంటే అందినట్టు కాదు

నరసాపురంలో చేపల వ్యాపారం చేసే మరిడమ్మకు ఆ రోజు ఐసు దానంతటదే రావాలని ఆమె కూతురు దుర్గాశ్రీ పట్టుదల. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆ అమ్మాయి తల్లి కోసం ఒక ప్రోగ్రాం రాసింది. అది ఐసు ఫ్యాక్టరీ వెంకన్నకు ఆర్డరు పంపుతుంది. ఆయన "అందింది" అని జవాబిస్తే ఊరుకుంటుంది. లేకపోతే మెసేజ్ దారిలో పోయిందనుకుని మళ్లీ పంపుతుంది.

"వెంకన్నగారికి ఓ ఫోన్ కొడితే సరిపోద్ది కదే," అంది మరిడమ్మ.

"మనుషులు మర్చిపోతారమ్మా. ఇది మర్చిపోదు."

నిజంగానే మర్చిపోలేదు. రెండు దిమ్మలు కావాలన్న మెసేజ్ చూసి, మర్యాదస్తుడైన వెంకన్న "అలాగేనండి" అని రాసి, ఆటోలో ఐసు పంపాడు. ప్రోగ్రాంకు ఆ మాట తెలియదు. మళ్లీ పంపింది. "తప్పకుండానండి," అంటూ ఆయన ఇంకో ఆటో పంపాడు. ఆ తర్వాత "బయల్దేరిందండి." ఆ పైన "ఇంట్లో ఏమైనా శుభకార్యమాండి?"

ఆఫీసు మీటింగు ముగించి దుర్గాశ్రీ తలుపు తీసేసరికి అరుగు, వాకిలి, వంటగది అన్నీ ఐసే.

"ఏంటే ఇది? నేను చేపలమ్మాలా, ఐసమ్మాలా?" అంది మరిడమ్మ.

దుర్గాశ్రీ వెంకన్నకు ఫోన్ చేసింది. "అదంతా ఒకటే ఆర్డరండీ!"

"మాకెలా తెలుస్తుందండి? మీకోసం, ఐసుకని వచ్చిన రొయ్యల లారీని కూడా ఖాళీగా తిప్పి పంపేశాను."

ఆయన మాటా నిజమే. ఆర్డరుకొక నంబరు ఉంటే, అదే నంబరు మళ్లీ వచ్చినప్పుడు పక్కన పెట్టేవాడు. ఆ నంబరు పెట్టడం ఆమే మరిచింది. తల పట్టుకుని తడి మెట్టు మీదే కూలబడింది.

అంతలో గేటు దగ్గర గోల. చేపలమ్మే ఆడవాళ్లు, అందరికన్నా ముందు బేబి అనే ఆవిడ. పడవలు నిండుగా వచ్చాయి, కరెంటు పోయి ఫ్యాక్టరీ ఆగింది.

"ఊళ్లో ఐసంతా మీ ఇంట్లోనే ఉందంట. మా చేపలేం గానండీ?"

మరిడమ్మ ఐసు మీద కప్పిన గోనెలు లాగేసింది. "పట్టుకెళ్లండమ్మా, తలా కాస్తా!"

సాయంత్రానికి ఒక్క బుట్టా పాడవలేదు. ఆ ఐసు రొయ్యల లారీ ఎక్కి ఉంటే చేపలన్నీ పారబోయాల్సిందే. బేబి వెనక్కొచ్చి దుర్గాశ్రీ చేతులు పట్టుకుంది.

"ముందే కనిపెట్టి తెప్పించావా తల్లీ?"

"లేదండీ, నా ప్రోగ్రాంలో తప్పు..."

"ఏదైతేనేం, మా నోటికాడ కూడు నిలబెట్టావు. నీ చదువు చల్లగుండ!"

దుర్గాశ్రీ కళ్లు తడిశాయి. ఆ ఇంట్లో అప్పటిదాకా తడవకుండా మిగిలినవి అవే.