చర్చి ముందర చెప్పుల లైను

ఆ ఆదివారం పొద్దున ఐలేశ్ అనుకున్నది ఒక్కటే. చర్చి వాకిలి ముచ్చటగా కనిపించాలి. నెల్లికుదురు అవతలి ఆ చిన్న ఊళ్ళో సంఘపెద్ద అతనే, చర్చి ఊడ్చేదీ అతనే. కొత్త మనిషి అక్కడ అడుగుపెట్టి ఏళ్ళయింది. ఈ వారం తానే వచ్చి చూస్తాననీ, ఒక్క కొత్త మొహమైనా లేకపోతే తాళం వేసి అందరినీ మానుకోట చర్చిలో కలిపేస్తాననీ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పెద్ద పాస్టరైన పెద్దయ్యగారు చెప్పారు. ఆ తాళం తలుచుకుంటే ఐలేశ్‌కు ముద్ద దిగడం లేదు.

"గా చెప్పుల కుప్ప జూడరాదు. కొత్తోళ్ళు ఏడ అడుగు వెట్టాలె?" అన్నది భార్య చిలుకమ్మ.

నిజమే అనిపించింది. పెద్దయ్యగారు వచ్చి కూర్చున్నాక, లోపల పాట అందుకోగానే ఐలేశ్ ఆ కుప్ప విడదీసి, జత వెనుక జతగా గోడ వెంట రోడ్డు దాకా పేర్చాడు.

అది నాట్లు ముగిసి యూరియాకు జనం తిప్పలు పడుతున్న కాలం. గోదాం ముందు ఎండలో నిలబడలేక రైతులు తమకు బదులు చెప్పులను లైనులో పెట్టి నీడకు పోయేవారు. ఈ సంగతి ఐలేశ్‌కు తెలియనిది కాదు. తాళం తప్ప ఆ పూట మరేదీ తలకెక్కలేదు.

పాలు పోసి వస్తున్న కట్టయ్య లైను చూసి బండి ఆపాడు. తన చెప్పులు చివరన విడిచి ఫోను తీశాడు.

"తమ్మీ, యూరియా ఈసారి చర్చిల ఇస్తున్నరు. సప్పుడు జెయ్యకుండ రా."

సప్పుడు చేయకుండా ఊరంతా వచ్చింది.

ఐలేశ్ చేతులు జోడించి ఎదురుపోయాడు. "రాండ్రి, కూసోండ్రి. కొత్తోళ్ళకు ముంగట జాగ ఉంచినం."

"టోకెన్లు లోపటనే ఇస్తరా అన్నా?" అన్నాడు కట్టయ్య.

"టోకెన్లేంది?"

"యూరియావి. పాసుబుక్కు తెచ్చిన. ఆధార్ గూడ కావాల్నా?"

ఐలేశ్ చెప్పులకేసి చూశాడు. జనంకేసి చూశాడు. నిజం చెబితే వీళ్ళు పోతారు, తాళం పడుతుంది. చెప్పకపోతే దేవుని ఇంట్లో అబద్ధం.

"ముందుగాల వాక్యం వినుండ్రి" అని మాత్రం అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదని తనకు తానే చెప్పుకున్నాడు.

హాలు కిక్కిరిసింది. లేస్తే వరుస పోతుందని ఒక్కరూ కదలలేదు. అంత శ్రద్ధ పెద్దయ్యగారు మానుకోటలో కూడా చూడలేదు. ముగించాల్సిన ప్రసంగాన్ని మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

"మీకేం కావాలో దేవునికి తెలుసు" అన్నారు కళ్ళు మూసుకొని.

"రెండు బస్తాలు" అన్నారెవరో వెనక నుంచి.

పెద్దయ్యగారు కళ్ళు తెరిచి ఐలేశ్‌ను చూశారు. ఐలేశ్ గోడను చూశాడు. అంతలో ఎవరి ఫోనో మోగింది. గోదాం కాడికి లారీ వచ్చిందట.

ముందు కొత్తవాళ్ళు లేచారు. వాళ్ళ వెనక పాటలు పాడేవాళ్ళు, డోలకు వాయించేవాడు. చివరికి చిలుకమ్మ. "మనకు గూడ ఎకరం ఉన్నదాయె" అంటూ పరుగందుకుంది.

ఐలేశ్ చాప మీద కూలబడి జరిగినదంతా చెప్పేశాడు.

"ఇగ తాళం ఏసుకోండ్రి అయ్యగారు. తప్పు నాదే."

పెద్దయ్యగారు ఖాళీ హాలంతా కలియజూశారు. అప్పుడు కనిపించింది, ఫ్యాను కింద గోడకానుకొని కూర్చున్న, ఊరి చివరి గుడిసెలో ఒంటరిగా ఉండే ఓదెమ్మ.

"అవ్వా, లారీ వచ్చింది. పోవా?" అన్నాడు ఐలేశ్.

"నాకు భూమేడిది నాయినా. నలుగురు నిలబడ్డరని నిలబడ్డ. నువ్వు చేతులు జోడిచ్చి లోపటికి రమ్మంటివి. నన్నెవలు పిలుస్తున్నరు గట్ల? మల్ల వారం గూడ రావచ్చునా?"

ఐలేశ్ తల ఊపాడు.

"కొత్త మనిషి వచ్చినట్టే గదా" అన్నారు పెద్దయ్యగారు. ఆయన తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక మిగిలిన దిగులల్లా, లారీ కోసం పరుగెత్తిన పాతవాళ్ళను మళ్ళీ చర్చికి ఎట్లా రప్పించాలన్నదే.