కంపెనీ అర్థ నిర్ధారణ కమిటీ

"కంపెనీ అన్న మాటకు అర్థం తేలేదాంక నేను కన్ను మూయ!" అని గల్ఫ్ సంక్షేమ కమిటీ చైర్మన్ బాలకిషన్ గారు ప్రకటించగానే కోరుట్ల ఫంక్షన్ హాలు దద్దరిల్లింది. విలేకరిగా నేను చాలా ప్రతిజ్ఞలు రాసుకున్నాను గానీ, ఒక మాట కోసం నిద్ర వదులుకున్న నాయకుణ్ణి చూడటం అదే మొదలు.

సందర్భం చిన్నదే. గల్ఫ్‌లో ఒక కంపెనీ మూతపడింది. మనవాళ్లు అక్కడి క్యాంపులో చిక్కుకుపోయారు. ఇంకొకరైతే వెంటనే విమానం టికెట్ల కోసం పరుగెత్తేవారు. చైర్మన్ గారు లోతైన మనిషి. మూతపడింది ఏమిటో ముందు తెలియాలి కదా అన్నారు.

మైకు అందుకున్నారు. "ఫ్యాక్టరీ పెడితే కంపెనీ. మిలట్రీల జవాన్ల దళం గూడ కంపెనీనే. ఎనుకట మనల్ని ఏలింది కంపెనీనే. పొద్దుమీకి గ్లాసు ముంగట ఒక్కనికే తోచకపోతే దోస్తును పిల్చి కంపెనీ ఇయ్యిరా అంటం. ఒక్క మాట, ఎన్ని కొల్వులు చేస్తంది! మరి పుట్టిందేడ? లాటిన్ల! కలిసి రొట్టె తినేటోళ్లు అని దాని అర్థం!"

పెగడపల్లి నుంచి వచ్చిన వజ్రమ్మ లేచి నిలబడింది. "సారూ, నా కొడుకు శ్రీధర్ గా క్యాంపులనే ఉన్నడు. వాళ్ల నాయిన కల్లు గీసెతందుకు తాడు చెట్టెక్కి, పడి పాణం ఇడిసిండు. గా పని నీకద్దు కొడుకా అని నేనే గల్ఫ్ దేశం తోలిన. గిప్పుడు ఆడ రొట్టె గూడ పెడ్తలేరట."

చైర్మన్ గారి కళ్లు మెరిశాయి. "రొట్టె! సూడుండ్రి, అవ్వ సీదా మూలానికే పోయింది. చప్పట్లు కొట్టుండ్రి!"

కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను. అవి ఆగేదాకా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"కాయిదాలన్నీ అయినయట సారూ. టికెట్ ఒక్కటి పెడితే అస్తడు."

"పెడ్త అవ్వా. అర్థం తేల్చెతందుకు నేనే ఆడికి పోతున్న గదా. నా ఎంబడే తోల్కస్త."

డిక్షనరీలను నమ్మి మోసపోయే మనిషి కాదాయన. క్షేత్ర పరిశీలనకు సభ్యులందరితో గల్ఫ్ వెళ్లారు. క్యాంపులో ఎండ ఎక్కువని తెలిసి, క్షేత్రాన్ని హోటల్‌కు మార్చారు.

తిరిగొచ్చాక అదే హాల్లో సన్మానం జరిగింది. "అర్థం ఖాయమైంది! ఆడ తీరుతీర్ల రొట్టెలు పెట్టిండ్రు. అందరం కలిసే తిన్నం," అని చైర్మన్ గారు నివేదిక సమర్పించారు. వజ్రమ్మ మాత్రం వేదిక వైపు చూడలేదు. ఆయన వెనక ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపే చూస్తోంది.

గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా వాడకట్టుకు సబ్బులు, బామ్ డబ్బాలు, చాక్లెట్లు పంచడం మా దగ్గర ఆనవాయితీ. చైర్మన్ గారు దాన్నీ వదల్లేదు. తాడుతో కట్టిన పెద్ద అట్టపెట్టె వేదిక మీదికి వచ్చింది. ముడి మాత్రం రాలేదు. పీఏ ముత్యం గోళ్లతో పీకాడు, పళ్లతో లాగాడు, చివరికి కత్తి తెమ్మన్నాడు.

వజ్రమ్మ వేదిక ఎక్కింది. కొస వెతికి ఒక్క గుంజు గుంజింది. తాడు ఊడి కాళ్ల మీద పడింది.

"గిది లొట్టి ముడి సారూ. కల్లు లొట్టికి మా ఆయన గిట్లనే ఏసేటోడు. ఉల్టా తిప్పి ఏసుడు మా ఇంట్లనే. నా కొడుకేడి?"

చైర్మన్ గారికి గుర్తొచ్చింది. "ఆఁ! హోటల్ కాడికి ఒక పిలగాడు అచ్చిండు. పెట్టెలన్నీ పాపం వాడే కట్టిండు. నన్ను గూడ తీస్కపోండ్రి సార్ అన్నడు. ఏం ముత్యం, ఎందుకు తేకపోతిమి?"

"సామాను బరువు ఎక్కువైంది సార్. వాని టికెట్‌కు పెట్టిన పైసలు గీ పెట్టెలకే కట్టినం."

చైర్మన్ గారు వెంటనే తేరుకుని, మొదటి సబ్బు వజ్రమ్మకే ఇమ్మని ఆదేశించారు. ఆమె తీసుకోలేదు. తాడును చేతికి చుట్టుకుని మెట్లు దిగింది. అది కమిటీ సామాను, ఇచ్చి పొమ్మని ముత్యం అడ్డం వెళ్లాడు.

చైర్మన్ గారు వారించారు.

"పోనీరా. తాడే గదా, ఉంచుకోనీ."

అంత పెద్ద మనసు.