ఆగస్టులో అడ్వాన్స్ పరోల్

రాంతె లక్సమానా ఆ పొద్దున వేసుకున్న ప్లానులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా వృద్ధాశ్రమం వంటింట్లో డ్యూటీ. తరవాత ఇల్లు, పెట్టె సర్దుడు. రేపు విమానం. శనివారం ఫిలిప్పీన్స్‌లో, శాన్ ఫెర్నాండోలో, అక్క పెళ్ళి. ప్లాను మంచిదే. దాన్ని ముంచింది ఒక్క మాట.

అక్క పేరు లూరింగ్. తల్లి పోయాక పంది మాంసం తీపిగా ఊరబెట్టి, సంతలో కూర్చుని అమ్మి, తమ్ముణ్ణి పెంచిన మనిషి. పెళ్ళి మాటెత్తిన వాళ్ళందరినీ చాటతో తరిమింది. యాభై దాటాక బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడొకడు ఆమె దుకాణం ముందు తిష్ట వేసి ఒప్పించాడు. ఒప్పుకుంది గానీ మెలిక పెట్టింది. "నా తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిపిస్తేనే చర్చి మెట్లెక్కుతా. వాడు రాకపోతే నీ ట్రంపెట్‌నే చేసుకో" అని పెళ్ళికొడుకు మొహం మీదే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

అమెరికాలో, డేలీ సిటీలో, తమ్ముడి పరిస్థితి ఇది. భార్య దివీనా ఈ దేశపు పౌరురాలు, సిటీ బస్సు తోలుతుంది. రాంతెకి గ్రీన్ కార్డు రావాలి. దరఖాస్తు పెట్టాడు, వేలిముద్రలిచ్చాడు, కూర్చున్నాడు. ఈ కూర్చునే కాలంలో దేశం దాటి అడుగేస్తే దరఖాస్తు చచ్చినట్టే. దాటి మళ్ళీ లోపలికి రావాలంటే ముందుగా ఒక అనుమతి పత్రం తెచ్చుకోవాలి. దాని పేరు అడ్వాన్స్ పెరోల్. జైల్లో హంతకుడికి ఇచ్చేదీ పెరోలే, పన్ను కట్టి ముసలాళ్ళకి జావ కాచేవాడికి ఇచ్చేదీ పెరోలే. ఈ పేరు పెట్టినవాడికి సిగ్గు లేదు, పుచ్చుకునేవాడికి గతి లేదు. అందుకే ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవరు. "ఆ కాగితం వచ్చిందా?" "ఆ కాగితం ఇంకా రాలేదా?" అంతే.

ఆ పొద్దున, విమానానికి ఒక్క రోజు ముందు, కవరు ఇంటి పోస్టు పెట్టెలో పడిందని సెల్‌ఫోనుకి కబురొచ్చింది. రాంతె జావ గరిటె వదిలేసి ఇంటికి ఫోన్ కొట్టాడు. ఇంట్లో ఉన్నది దివీనా అమ్మమ్మ పాసింగ్. వాళ్ళ భాషలో అమ్మమ్మని లోలా అంటారు కాబట్టి వీధి మొత్తానికీ ఆవిడ లోలా పాసింగే. చెవి మిషను సొరుగులో ఉంటుంది. బ్యాటరీ అరిగిపోతుందని పెట్టుకోదు.

రాంతె సంతోషంలో నోరు జారి దాని అసలు పేరు పలికాడు.

"లోలా! అడ్వాన్స్ పెరోల్ వచ్చింది!"

"ఏంటీ? పరోలా?"

"అవును లోలా, పెరోల్! అడ్వాన్స్ పెరోల్!"

"ఆగస్టులోనా?"

"ఎప్పుడో రావాల్సింది! కవరు విప్పి చూడు. నా ఫొటో ఉంటుంది. జాగ్రత్తగా పైన పెట్టు, ఎత్తుగా. పక్కింటి పిల్లలొస్తే లాగేస్తారు."

"ఎత్తుగానా? సరే. గట్టిగా కట్టనా?"

"గాలికెగిరిపోకుండా ఎలాగోలా పెట్టు లోలా, నీకు దణ్ణం పెడతా."

ఫోన్ పెట్టేశాడు. పాపం, దణ్ణం కూడా పెట్టాడు.

ఫిలిప్పీన్స్ వాళ్ళకి పరోల్ అంటే క్రిస్మస్ నక్షత్రం. వెదురు పుల్లల చట్రం, దాని మీద కాగితం, లోపల దీపం. లోలా పాసింగ్ పుట్టిందే శాన్ ఫెర్నాండోలో, పరోల్ కట్టేవాళ్ళ పేటలో. ఆవిడ చేత్తో కట్టిన పరోల్ తుఫానులో ఇంటి కప్పు పోయినా పోయేది కాదు. కవరు విప్పింది. దళసరి కాగితం, మూలన రాంతె ఫొటో, చుట్టూ చదవడం రాని ఇంగ్లీషు. లోలాకి వెంటనే అర్థమైపోయింది. తమ్ముడి మొహం అచ్చేయించి లూరింగ్ పంపింది. పెళ్ళి పనుల్లో కట్టే తీరిక లేక ఉత్త కాగితం పంపింది. చేతిలో విద్య ఉన్నవాళ్ళు కట్టుకుంటారులే అనుకుంది. మరి తనుండగా దిగులేమిటి?

లోలా పెరట్లోకెళ్ళి టమాటా మొక్కలకి ఊతంగా పాతిన వెదురు పుల్లలు పీకింది. మొక్కలు నడుం విరిగి పడ్డాయి. పుల్లలు చీల్చింది. ఒక పుల్లకి కొట్టువాడి చీటీ అలాగే ఉంది. హడావుడిలో ఊడబెరకలేదు. జిగురన్నం వండి, నూరి, పూసింది. కాగితం కత్తిరించలేదు, పిల్లాడి మొహం కదా. నడిమధ్యన మొత్తంగా అంటించి, పైన రంగులేని సెలోఫేన్ బిగించింది. అయిదు కొమ్ములకీ ఎర్ర కాగితం. లోపల బల్బు. వరండా చూరుకి, నిచ్చెన మీద నుంచి, ఆ వయసులో, కట్టింది.

కింద మిసెస్ గిల్‌హూలీ ఆగింది. ఎదురింటి ఐరిష్ ముసలావిడ. మంచి మనిషే. మంచి మనుషులతోనే కదా వచ్చింది చిక్కంతా.

"ఏంటమ్మా విశేషం?" అంది.

లోలా తనకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో గర్వంగా చెప్పింది. "రాంతెకి పరోల్! వచ్చేసింది! రేపు విమానం!"

గిల్‌హూలీ మొహం మారిపోయింది. "పెరోలా? అతనికా? ఎన్నాళ్ళయింది?"

"ఏళ్ళు. బయటికి పోనివ్వలేదు, పాపం."

"అయ్యో. ఏం చేశాడు?"

"వంట చేశాడు."

"వంటా? ఎవరికి?"

"ముసలాళ్ళకి."

గిల్‌హూలీ ఒకడుగు వెనక్కి వేసింది. "ఆ ముసలాళ్ళు... బాగున్నారా?"

"ఎక్కడమ్మా. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పోతూనే ఉన్నారు" అని లోలా శిలువ గుర్తు వేసుకుంది. "ఇంటికి కూడా తెస్తాడు ఆ జావ. కాస్త పెట్టనా?"

గిల్‌హూలీ వీధి దాటిన వేగం ఆవిడ మోకాళ్ళు మళ్ళీ ఎప్పుడూ చూపించలేదు. వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని పోలీసులకి ఫోన్ చేసింది.

ఈ లోపల మాంగ్ తెరియో కంట పడింది నక్షత్రం. ఆయన అదే వీధిలో ఉండే, పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి. సెప్టెంబరు ఒకటో తారీఖున వీధిలో మొదటి పరోల్ కట్టే హక్కు తనదేనని ఎవరూ ఇవ్వకుండానే పుచ్చుకున్నాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళకి క్రిస్మస్ సెప్టెంబరులో మొదలవుతుంది. దానికొక్క రోజు ముందు కట్టినా తప్పే.

"లోలా పాసింగ్! ఇంట్లో క్యాలెండరు లేదా?" అని కింద నుంచి అరిచాడు.

"ఉంది. నువ్వే ఇచ్చావు, మీ అల్లుడి దంతాల ఆస్పత్రిది."

"మరి ఆగస్టులో ఈ పరోలేంటి?"

"ఇది అడ్వాన్స్ పరోల్, తెరియో. శాన్ ఫెర్నాండో నుంచి వచ్చింది. ఈ ఏడు ముందే."

మాంగ్ తెరియో వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. శాన్ ఫెర్నాండో ముందుకి జరిపిందా? పరోల్‌కి పుట్టిల్లు లాంటి ఊరు ముందుకి జరిపితే డేలీ సిటీ వెనకబడి కూర్చుంటుందా? తనకెవరూ చెప్పలేదే! ఇంటికి పరుగెత్తి గరాజులోంచి తన పరోల్ దించి దుమ్ము దులిపాడు. దారిలో అయిదుగురికి చెప్పాడు. ఆ అయిదుగురూ ఫోన్లు తీశారు. ఇక చెప్పాలా. ఎన్నికల్లో ఓటు వేయమని గొంతు చించుకున్నా కదలని జనం, పక్కవాడు నక్షత్రం కట్టాడంటే నిచ్చెనలెక్కేశారు.

సాయంత్రం రాంతె బస్సు దిగేసరికి పొగమంచులో వీధి వీధంతా ఎర్రగా, పచ్చగా మినుకుమంటోంది. ఎవరి ఇంట్లోంచో క్రిస్మస్ పాటలు. తన గుమ్మంలో వాళ్ళూ వీళ్ళూ బాప్తిస్మంలో తనని జ్ఞానతండ్రిని చేసిన పిల్లలంతా వరుసగా నిలబడి "పండగ కానుకేదీ?" అని చేతులు చాచారు.

"ఆగస్టులో కానుకేంట్రా!"

"అడ్వాన్స్, మామా" అన్నారు పిల్లలు.

రాంతె వాళ్ళని తోసుకుని వరండా ఎక్కాడు. "లోలా, ఆ కాగితం ఏదీ?"

"ఏ కాగితం?"

"పెరోల్, లోలా! అడ్వాన్స్ పెరోల్!"

"నీ నెత్తి మీదే ఉంది కదరా. ఎత్తుగా కట్టమన్నావు, కట్టాను. ఎలా ఉంది?"

రాంతె తలెత్తాడు. నక్షత్రం నడుమ నుంచి తన మొహం తన వైపే చూస్తోంది, వెనక బల్బుతో, దేవదూతలా. రాంతె వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడే బస్సు డ్యూటీ దిగి వచ్చిన దివీనాకి సంగతి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. చూసి తనే గ్రహించింది. "ఇన్నేళ్ళకి నా మొగుడు వెలిగాడు. అదీ పోవాల్సిన రోజుకి ముందు రోజు" అంది. అని, స్టూలు లాక్కుని గోరుతో అంచు లేపబోయింది. కాగితం చిరగడానికి సిద్ధపడింది గానీ జిగురు వదల్లేదు.

"ఊడదే" అంది లోలా. గొంతులో గర్వం సగంలో ఆగిపోయింది. వాళ్ళ మొహాలు అప్పుడు చూసింది. "ఏంటది? లూరింగ్ పంపింది కాదా?"

దివీనా చెవిలో అరిచి చెప్పింది. లోలా వంటింట్లోకెళ్ళి కత్తి తెచ్చింది. రాంతె లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు లోలా. చిరిగితే ఇంకోటి రావడానికి నెలలు. అక్క పెళ్ళి శనివారం దాటితే..." అక్క ఇక చేసుకోదు. అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు పోలీసు కారు వచ్చింది. కుర్ర పోలీసు దిగాడు. కిటికీ తెర చాటున గిల్‌హూలీ.

"ఇక్కడ పెరోల్ మీద ఉన్న ఖైదీ రేపు దేశం వదిలి పారిపోతున్నాడని ఫిర్యాదు" అన్నాడు.

"నేనే" అన్నాడు రాంతె. ఆ క్షణంలో ఏ నేరమైనా ఒప్పుకునేవాడు.

"ఏం నేరం?"

"ఏమీ లేదు."

"మరి పెరోల్ దేనికి?"

"అది మీ సర్కారుని అడగండి సార్. నేనూ అదే అడుగుతున్నా."

"కాగితాలేవి?"

లోలా, దివీనా, రాంతె, మాంగ్ తెరియో, కానుకల పిల్లలు అందరూ కలిసి పైకి చూపించారు. పోలీసు స్టూలెక్కాడు. టార్చి వేసి నక్షత్రాన్ని చదివాడు. ఒక వాక్యం దగ్గర పెదాలు కదిలాయి. ఫొటో చూశాడు, రాంతెని చూశాడు. "ఇది జైలు పెరోల్ కాదు. ప్రయాణం పత్రం. మీరు వెళ్ళొచ్చు, తిరిగి రావచ్చు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"అతికించేశాం కదా, చెల్లుతుందా?" అంది దివీనా.

పోలీసు టార్చి ఇంకోసారి కాగితం మీద తిప్పాడు. "అక్షరాలు కనిపిస్తున్నాయి. వెనక వెదురుంటే చెల్లదని ఇందులో ఎక్కడా రాయలేదు."

అంతే. లోలా కళ్ళు తుడుచుకుని, బల్బు విప్పి, చూరు తాడు కోసి, ఆ తాడుతోనే నక్షత్రానికి ఒక పిడి కట్టింది.

రాంతె దాన్ని విమానంలో సముద్రం దాటేంత సేపూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నిద్రపోతే పక్కవాడి మోచెయ్యి తగులుతుందని నిద్రపోలేదు. శాన్ ఫెర్నాండోలో దిగాక బసకిచ్చిన ఇంట్లోనూ వదల్లేదు. శనివారం చర్చిలో కుడి చేత్తో అక్కని పట్టుకున్నాడు, ఎడం చేత్తో నక్షత్రాన్ని.

"నా పెళ్ళికి నీ మొహం నువ్వే మోసుకొచ్చావేంట్రా?" అని లూరింగ్ పళ్ళ బిగువున అడిగింది.

"నడువక్కా. ఇది పోతే నేను మళ్ళీ నీ మీదే పడతా."

లూరింగ్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ట్రంపెట్ వాడు పీఠం దగ్గర తన పెళ్ళికి తనే ఊదాడు. ఆ మరుసటి వారం ఊళ్ళో ఇంకో పెళ్ళి జరిగితే పెళ్ళికూతురి అన్న తన ఫొటో అంటించిన నక్షత్రం పట్టుకుని నడిచాడట, అమెరికా ఆచారమని.

ఇక తిరుగు ప్రయాణం. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో పెరోల్ మీద వచ్చేవాళ్ళని పక్క గదిలో కూర్చోబెడతారు. రాంతె కూర్చున్నాడు. చాలాసేపు. చివరికి పిలిచారు. ఆఫీసరు నక్షత్రాన్ని తిప్పి చూశాడు, ముక్కు ముడిచాడు. "పత్రం సరే. ఇదేంటి? వెదురా?"

"అవును సార్."

"ఎండు కర్ర, గడ్డి, వెదురు దేశంలోకి రాకూడదు. పురుగులుంటాయి. విడదీయండి."

"విడదీస్తే పత్రం చిరుగుతుంది."

"చిరిగితే?"

"నేను రాకూడదు."

మనిషి రావచ్చు, పత్రం రావచ్చు, పత్రాన్ని మోసేది రాకూడదు. ఆఫీసరు మొక్కల తనిఖీ ఆవిడని పిలిచాడు. ఆవిడ గ్లౌజులేసుకుని, భూతద్దం పెట్టి, కొమ్ము కొమ్మూ చూసింది. అయిదో కొమ్ము దగ్గర ఆగింది. పుల్లకి కొట్టువాడి చీటీ. దాని మీద అచ్చు: కాలిఫోర్నియాలో పెంచినది.

"ఇది ఇక్కడిదే!" అంది ఆవిడ, చుట్టమెవరో కనిపించినట్టు. "బయటికెళ్ళి తిరిగొచ్చింది, అంతే. దీనికి అభ్యంతరం లేదు."

"మరి నేను?" అన్నాడు రాంతె.

"మీరు కూర్చోండి. మిమ్మల్ని ఇంకా కొన్ని అడగాలి."

అడిగారు. రాంతె చెప్పాడు. మళ్ళీ అవే అడిగారు. మళ్ళీ చెప్పాడు. బయట జనం పలచబడ్డాక ముద్ర పడింది.

తలుపు బయట దివీనా, లోలా నిలబడి ఉన్నారు. లోలా ఆ రోజు చెవి మిషను పెట్టుకుంది. ముందు రాంతె చెంప తడిమింది, తరవాత నక్షత్రం అంచు తడిమింది. ఊడలేదు.

"ఇంత ఆలస్యమేంట్రా?"

"వెదురుని వెంటనే వదిలేశారు లోలా. నాదే ఆలస్యమైంది."

గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. టమాటా మొక్కలకి మాత్రం లోలా ఇకమీద కూడా కాలిఫోర్నియా పుల్లలే కొంటానని తేల్చి చెప్పింది.