నర్సమ్మ దొరకని అదృష్టం

పేదలకిచ్చే సర్కారు బీమా కార్డు తీసుకుని, వైద్యం చేసే నర్స్ ప్రాక్టీషనర్ మా కౌంటీలో ఒక్కరూ దొరకకపోవడం మాకు ఇన్నేళ్ళలో జరిగిన గొప్ప మేలు. ఈ మాట కోపంతో అనడం లేదు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఏదన్నా అంటే ఉదాహరణలతో సహా రుజువు చేయాలని అక్కడ నేర్పారు. చేస్తాను.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే పరీక్ష చేసి, మందు చీటీ రాసే అధికారం ఉన్న పెద్ద నర్సు. మా తూర్పు కెంటకీ కొండల నుంచి డాక్టర్లు బొగ్గుతో పాటే దిగిపోయారు కాబట్టి, మాకు దేవుడి తర్వాత ఆమే. ఇద్దరికీ ఒక్కటే తేడా. దేవుడు మనం చెప్పుకునేది వినే ముందు కార్డు చూపించమనడు.

మా అమ్మ ఆర్లీన్‌కు బీపీ ఉంది. బడి వంటగదిలో పిల్లలకు వండి పెట్టి, మోకాళ్ళు అరిగిపోయాక మానేసింది. ఆమెకు సర్కారు కార్డు ఉంది. చాలా అందమైన కార్డు. నీలం రంగు, ఒక మూల కొండల బొమ్మ. పర్సులో ఎంత చక్కగా ఇముడుతుందో చెప్పలేను. ఇంకెక్కడా ఇమడదు.

ఇదివరకు అమ్మను చూసిన రామోనా గారు నిరుడు క్లినిక్ మూసేసి, పెద్ద ఊళ్ళో ముఖం మీద ముడతలు పోగొట్టే సూదుల దుకాణం పెట్టుకుంది. అక్కడ అంతా నగదే. నేను ఆమెను తప్పుపట్టను. మా అమ్మ గుండెకు సర్కారు ఇచ్చే దానికన్నా బ్యాంకు మేనేజరు భార్య నుదురు ఎక్కువ ఇస్తుంటే, బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా నుదుటి వైపే పోతారు.

రామోనా గారు వెళ్ళాక అమ్మకు మందు చీటీ రాసేవాళ్ళు లేరు. మందుల షాపు లాయిడ్ మొహమాటానికి ఒకసారి చీటీ లేకుండానే ఇచ్చాడు. రెండోసారి ఇస్తే తన లైసెన్సు పోతుందన్నాడు. అప్పటి నుంచి అమ్మ కూరగాయల కత్తితో మాత్రను సగం చేసి వేసుకుంటోంది.

ఇక లాభాలకు వద్దాం.

మొదటి లాభం, పరిచయాలు. కార్డుతో పాటు నర్సుల పేర్లు, నంబర్లు ఉన్న పుస్తకం పంపిస్తారు. చదువుకున్నదాన్ని కదా, ఫోన్లు చేసే భారం నాకే అప్పగించారు. ఆ పుస్తకం లేకపోతే నాకు ఇంతమంది మంచివాళ్ళు ఎలా తెలిసేవాళ్ళు?

ఒక నంబరుకు చేస్తే టైర్ల షాపతను ఎత్తాడు. "ప్రెషర్ మేమూ చూస్తాం మేడమ్. కాకపోతే నాలుగు చక్రాలుండాలి" అన్నాడు.

ఇంకో నంబరుకు ఒక ముసలావిడ పలికింది. "మా ఆయన కోసమా తల్లీ? పోయి రెండేళ్ళయింది. పుస్తకంలో పేరు తీసెయ్యమని చెప్పీ చెప్పీ ఊరుకున్నా. పోనీలే, రోజూ ఎవరో ఒకరు ఆయన్ని అడుగుతుంటారు, నాకూ కాలక్షేపం." చనిపోయాక కూడా కొత్త పేషెంట్లను తీసుకుంటున్న ఏకైక నర్సు ఆయన. బతికున్నవాళ్ళు ఆయన్ని చూసి సిగ్గుపడాలి.

రెండో లాభం, జ్ఞానం. ఒకచోట నిజంగానే నర్సు ఉంది, కార్డు కూడా తీసుకుంటుంది.

"కానీ కొత్తవాళ్ళను చూడరండీ, పాతవాళ్ళయితే రావచ్చు" అంది ఫోనెత్తిన అమ్మాయి.

"పాతవాళ్ళు కావాలంటే ఏం చేయాలి?"

"ఇదివరకు ఒకసారి వచ్చి ఉండాలండీ."

డిగ్రీలో నేను తత్వశాస్త్రం కూడా చదివాను. ఇంత లోతైన వాక్యం ఏ పాఠంలోనూ తగల్లేదు.

మూడో లాభం అన్నిటికన్నా పెద్దది. కుటుంబం దగ్గరవుతుంది.

కొండ అవతలి ఊళ్ళో ఒక క్లినిక్ ఉంది. ప్రతినెలా మొదటి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు తెరిచి, సర్కారు కార్డు ఉన్న కొత్తవాళ్ళను కొద్దిమందిని రాసుకుని మూసేస్తారు. అందుకని మొన్న సోమవారం చుట్టాలంతా మా అమ్మ వంటింట్లో చేరారు. చనిపోయిన మా నాన్న చెల్లెలు వెల్మా అత్త, బాబాయి హర్షెల్, చర్చి నుంచి పాస్టరమ్మ గారు, నేను. అమ్మ వేడివేడి రొట్టెలు, సాసేజ్ గ్రేవీ చేసింది. క్రిస్మస్‌కు కూడా ఇంతమందిమి ఒక బల్ల చుట్టూ కూర్చోలేదు.

ఎనిమిది కొట్టగానే అందరం నొక్కడం మొదలుపెట్టాం.

"నాది బిజీ" అన్నాడు బాబాయి.

"నాది కూడానయ్యా. ప్రార్థన చేస్తూ నొక్కు" అంది పాస్టరమ్మ గారు.

"వేళ్ళకు గ్రేవీ అంటుకుని నాది అసలు నొక్కుకోవడం లేదు."

"తినడం ఆపితే నొక్కుకుంటుంది."

చివరికి వెల్మా అత్తకు లైను దొరికింది. ఆమెకు చెవుడు కాబట్టి ఫోను స్పీకరులో పెట్టింది. అవతలి అమ్మాయి పేషెంటు పేరు అడిగింది, అత్త చెప్పింది. పుట్టినరోజు అడిగింది. అత్త తేదీ, నెల, సంవత్సరం గడగడా అప్పగించింది.

"కార్డు రికార్డుతో సంవత్సరం కలవడం లేదండీ."

"అయితే మీ దగ్గరే తప్పుంది. మా వదిన నాకంటే రెండేళ్ళు చిన్న. నాకు తెలియదా?"

"పేషెంటు పక్కనే ఉంటే ఆమెనే చెప్పమనండి."

అమ్మ పొయ్యి వైపు తిరిగి, ఎప్పుడో ఉడికిపోయిన గ్రేవీని కలుపుతోంది. అక్కడి నుంచే ఏదో గొణిగింది.

"వినపడలేదండీ, కాస్త గట్టిగా."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. పాస్టరమ్మ గారి ఎదుట, బాబాయి ఎదుట, నా ఎదుట, తను పుట్టిన అసలు సంవత్సరం చెప్పింది. అందరం మనసులో లెక్క వేసుకున్నాం. యాభై ఏడు అనుకున్న మనిషికి అరవై ఒకటి.

"అంటే నాకంటే పెద్దదానివా?" అంది వెల్మా అత్త. "ముప్పై ఏళ్ళుగా 'పెద్దదానివి, నువ్వు కూర్చో' అంటూ కారులో ముందు సీటు నాకిచ్చి, నన్ను ముసలిదాన్ని చేస్తున్నావు కదే వదినా. మా అన్నకు తెలుసా?"

"మీ అన్నే దాచమన్నాడు. తనకంటే పెద్దదాన్ని చేసుకున్నానని తెలిస్తే గనిలో ఏడిపిస్తారన్నాడు."

"సంవత్సరం సరిపోయిందండీ" అంది ఫోను. "అయ్యో. ఆఖరి చోటు ఇప్పుడే పక్క లైనులో అమ్మాయి ఇచ్చేసింది. వచ్చే నెల ప్రయత్నించండి."

నేను ఫోను లాక్కుని, అమ్మ దగ్గర మాత్రలు వచ్చే నెలదాకా రావని చెప్పాను.

ఆ అమ్మాయి నిజంగానే బాధపడింది. "నా చేతుల్లో ఏముందండీ? మీ అమ్మగారికి అరవై అయిదు నిండి ఉంటే పెద్ద వయసు వాళ్ళ కార్డు వచ్చి ఉండేది. దానికైతే రేపు పొద్దున్నే రమ్మనేదాన్ని. రేపు నర్సమ్మ గారు ఖాళీయే."

ఫోను పెట్టేశాను. వెల్మా అత్త అంది. "నాలుగేళ్ళు తగ్గించుకున్నావు. అటువైపు పెంచుకుని ఉంటే పోయేది కదే."

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది, బల్ల అంచు పట్టుకుని.

పాఠకులారా, ఈ ఏర్పాటులోని సొగసు గమనించారా? అదే నర్సమ్మ, అదే కుర్చీ, అదే బీపీ మిషను. ఆ మర్నాడు ఆమె ఖాళీగా కూర్చుంది, మా అమ్మ ఖాళీగా ఇంట్లో కూర్చుంది. అరవై ఒక్కేళ్ళ గుండె పరీక్షకు ఒక రేటు, అరవై అయిదేళ్ళ గుండె పరీక్షకు ఇంకో రేటు. తక్కువ రేటు గుండెలు పెద్దవయ్యేదాకా ఆగాలి. ఆగలేని గుండెల మీద సర్కారుకు మిగిలే డబ్బును రాజధానిలో పొదుపు అంటారట. పేదవాళ్ళకు వైద్యం చేయడంలేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. అందరికీ కార్డులిచ్చారు కదా. పైగా బొమ్మతో సహా.

మరి ఇందులో అదృష్టమేముంది అంటారా? ఉంది. మా ఇంట్లో ముసలితనమంటే ఉన్న భయం పోయింది. ఊరంతా వయసు తగ్గించుకుంటుంటే, మా అమ్మ ఒక్కతే త్వరగా ముసలిదవ్వాలని ఎదురుచూస్తోంది.

నిన్న ఆమెను లాయిడ్ షాపుకు తీసుకెళ్ళాను. డబ్బాలో మిగిలిన మాత్రలు కౌంటరు మీద పోసి, వీటిని సగం కాకుండా నాలుగు ముక్కలు చేస్తే పనిచేస్తాయా అని అడిగింది. అలా ఎందుకమ్మా అన్నాడు లాయిడ్.

"ఇంకా నాలుగేళ్ళు ఉండాలి కదయ్యా" అంది అమ్మ.