పద్నాలుగులో తొమ్మిదో పెట్టె

డ్రమ్ముకి పసుపు రాసి బొట్టు పెడదామని ఆదివారం ఉదయం ఆరున్నరకి నల్ల పెట్టె మూత ఎత్తిన సరోజినికి లోపల డ్రమ్ము కనిపించలేదు. సగం పెట్టెదాకా చింతపండు కనిపించింది.

ఆమె కేక వెయ్యలేదు. మూత దించి, మళ్ళీ ఎత్తి చూసింది. చింతపండే. గింజలు తీసి, గుడ్డ పరిచి, పొందిగ్గా సర్దిన కొత్త చింతపండు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి," అంది.

నాయబ్ సుబేదార్ మల్లికార్జున గడ్డానికి సబ్బు నురగతోనే వచ్చాడు. వెనకే ఆయన తల్లి హనుమాయమ్మ వచ్చింది. అందరికన్నా చివర కొడుకు ఉదయ్‌కిరణ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నలుగురూ కాసేపు చింతపండును చూశారు. తర్వాత ముగ్గురూ మల్లికార్జునను చూశారు.

చూడటానికి కారణముంది. అది 1996 నవంబరు. ఢిల్లీ కంటోన్మెంటులోని ఆ రెండు గదుల క్వార్టరులో రెండేళ్ళుగా డ్రమ్ములు మోగుతున్నాయి. పంతొమ్మిదేళ్ళ ఉదయ్‌కి అవి తప్ప వేరే లోకం లేదు. మల్లికార్జునకి అవి తప్ప వేరే శత్రువు లేడు. చివరికి తండ్రీ కొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. కరోల్‌బాగ్‌లో బక్షీ అనే ఆయన ఆర్కెస్ట్రాకి కొత్త డ్రమ్మరు కావాలి. ఈ ఆదివారం పదకొండున్నరకి టెస్టు. ఎవరి డ్రమ్ములు వాళ్ళే తెచ్చుకోవాలి. ఉదయ్ నెగ్గితే తండ్రి ఇక నోరెత్తడు. నెగ్గకపోతే సోమవారం పొద్దున్నే సైన్యంలో గుమాస్తాల భర్తీకి వెళ్ళి వరసలో నిలబడాలి. ఆ ఫారం మల్లికార్జున ముత్యాల్లాంటి అక్షరాలతో ఎప్పుడో నింపేశాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

చిన్న డ్రమ్ములన్నీ దుప్పటి మూటలో భద్రంగానే ఉన్నాయి. పోయింది కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము. అది లేకపోతే మిగతావి గిన్నెలతో సమానం.

"అట్లా చూస్తారేం?" అన్నాడు మల్లికార్జున. "ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. నా కాగితాల మీద శిక్ష పడ్డట్టు ఒక్క ఎర్ర సిరా ఎంట్రీ లేదు. కన్నకొడుకు డ్రమ్ము ఎత్తుకుపోయేవాడిలా కనిపిస్తున్నానా?"

"ఎత్తుకుపోయావని ఎవరన్నారురా?" అంది హనుమాయమ్మ. "మొన్న దాన్ని యమునలో పారేస్తానన్నది నువ్వే కదా అని గుర్తొచ్చింది, అంతే."

"అన్నాను. అంటే పారేసినట్టా? సైన్యంలో నోటిమాటకి విలువ లేదమ్మా. రాతపూర్వకంగా ఎప్పుడైనా అన్నానా?"

"ఛోడో నాన్నా," అన్నాడు ఉదయ్ నీరసంగా. "పోతే పోయిందిలే. టెస్టు వచ్చే నెలకి పెట్టమని అడుగుతా."

కొడుకు బొటనవేలి గోరుకు తెల్లగా ఏదో అంటుకుని ఉండటం సరోజిని చూసింది. సున్నం. ఇంత దిగుల్లోనూ నాయనమ్మకి తాంబూలం చుట్టి ఇవ్వడం మరిచిపోలేదని ఆమెకి కళ్ళు చెమర్చాయి.

మల్లికార్జున చింతపండు ముద్ద ఒకటి తీసి వాసన చూశాడు. ఆయన మొహంలో అనుమానం పోయి నిర్ణయం వచ్చింది.

"త్యాగరాజు," అన్నాడు.

హవల్దార్ త్యాగరాజుది పక్క క్వార్టరు. ఆయనకి అస్సాంలోని తేజ్‌పూర్‌కి బదిలీ అయింది. అక్కడ చింతపండు దొరకదేమోనని ఆయన భార్య నాగమల్లేశ్వరి ఆరు నెలలుగా, సెలవు మీద ఊరెళ్ళిన ప్రతి తెలుగు సిపాయి చేతా తెప్పించి దాచింది. ఆ ఇంటి సామాను నిన్న సాయంత్రమే ట్రక్కులో స్టేషనుకి వెళ్ళిపోయింది. పద్నాలుగు నల్ల పెట్టెలు. అన్నీ వర్క్‌షాపు వడ్రంగి ఒకే కొలతకి చేసినవే. ఉదయ్ డ్రమ్ము పెట్టె కూడా ఆయన చేతిదే. తేడా అల్లా మీద తెల్లరంగుతో వేసిన అంకెలే. సైన్యంలో బదిలీ సామాను ఎక్కించేటప్పుడు పెట్టెలో ఏముందని ఎవరూ అడగరు. లెక్క సరిపోయిందా అనే అడుగుతారు.

"నిన్న కాగితం పట్టుకుని నిలబడి లెక్కపెట్టింది మీరే కదండీ?" అంది సరోజిని.

"పద్నాలుగూ సరిపోయాయి. నా లెక్కకి వంక పెట్టకు. అతను కావాలనే మార్చాడు. చప్పుడు ఎక్కువైందని మూడుసార్లు నా ముందు సణిగాడు. పోతూ పోతూ కసి తీర్చుకున్నాడు."

"కసి తీర్చుకోవడానికి నాగమల్లేశ్వరి ఇంత చింతపండు వదులుకుంటుందట్రా?" అని అడిగింది హనుమాయమ్మ.

"నా కొడుకు డ్రమ్ము వాయిస్తే ఆపాల్సింది నేను," అన్నాడు మల్లికార్జున, తువ్వాలుతో నురగ తుడిచేసి. "మధ్యలో త్యాగరాజెవడు? పదరా. ఇవాళ నువ్వు వాయిస్తున్నావు."

ఉదయ్ ఏదో చెప్పబోయాడు. అప్పటికే తండ్రి ఒక బూటు తొడుక్కుంటున్నాడు.

డ్రమ్ములు తీసుకెళ్ళడానికి ముందే మాట్లాడిన మెటాడోర్ వ్యాను ఎనిమిదింటికి వచ్చింది. అందులోకి దుప్పటి మూట, చింతపండు పెట్టె, దాని మీద హనుమాయమ్మ ఎక్కారు. తొమ్మిదికల్లా స్టేషను చేరారు. త్యాగరాజు రైలు తొమ్మిదీ నలభైకి.

త్యాగరాజు ప్లాట్‌ఫారం మీద పూరీ తింటున్నాడు. మల్లికార్జునను చూసి పూరీ పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"రామ్ రామ్ సాబ్. మమ్మల్ని సాగనంపడానికి ఇంత దూరం వచ్చారా?"

"డ్రమ్ము ఏది?"

"ఏ డ్రమ్ము సాబ్?"

"నాకు తెలియదనుకోకు. నీ చింతపండు నా ఇంట్లో ఉంది. నా డ్రమ్ము నీ సామానులో ఉంది."

త్యాగరాజుకి అర్థం కాలేదు కానీ, నాగమల్లేశ్వరికి సగం అర్థమైంది. "నా చింతపండు మీ ఇంట్లో ఎందుకుంది అన్నయ్యగారూ?" అంటూ లేచి నిలబడింది. "ఆరు నెలలు గింజలు తీశాను. అడిగితే ఒక ముద్ద ఇచ్చేదాన్ని కదా, పెట్టెకి పెట్టె ఎత్తుకుపోవాలా?"

పొద్దున్నుంచి మల్లికార్జున మీద పడిన రెండో దొంగతనం ఇది. ఆయన తిన్నగా పార్సెల్ ఆఫీసు వైపు నడిచాడు.

బ్రేక్‌వ్యానులోకి ఎక్కించడానికి పద్నాలుగు పెట్టెలూ అక్కడ వరసగా పేర్చి ఉన్నాయి. జాబితాలో తొమ్మిదో పెట్టెకి ఎదురుగా 'చింతపండు' అని రాసి ఉంది.

"భయ్యా, తొమ్మిదో పెట్టె దించండి. అందులో ఉన్నది చింతపండు కాదు," అన్నాడు మల్లికార్జున గుమాస్తాతో.

ఆ రోజుల్లో ఢిల్లీలో అనకూడని మాట అది. బాంబుల భయంతో, సీటు కింద చూసుకోండి, అనుమానంగా ఏది కనిపించినా ముట్టుకోకండి అని ప్రతి బస్సులోనూ రాసి ఉండే కాలం. గుమాస్తా కలం కింద పెట్టి వెళ్ళి రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టరును పిలుచుకొచ్చాడు.

"చింతపండు కాకపోతే ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా డ్రమ్ము. చింతపండు మా వ్యానులో ఉంది. ఇలాంటి పెట్టెలోనే."

"అచ్ఛా. అంటే ఇలాంటిది ఇంకొకటి కూడా ఉందన్నమాట."

పది నిమిషాల్లో పార్సెల్ ఆఫీసు ఖాళీ అయింది. రెండు పెట్టెలనూ ఆరుబయట పక్కపక్కన పెట్టి చుట్టూ తాడు కట్టారు. హనుమాయమ్మను చింతపండు పెట్టె మీద నుంచి దించడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు కావాల్సి వచ్చారు. పోలీసు కుక్క వచ్చింది. చింతపండు వాసన చూసి రెండుసార్లు తుమ్మింది. తొమ్మిదో పెట్టె చుట్టూ తిరిగి, దాని ముందు కూర్చుని ఇక కదల్లేదు.

మూత తీశారు. డ్రమ్మే.

"ఇప్పుడేమంటారు?" అన్నాడు మల్లికార్జున. "ఇరవై రెండేళ్ళు దేశానికి సేవ చేసినవాడు కొడుకు డ్రమ్ము తెచ్చుకుంటే తాడు కట్టి కుక్కను తెస్తారా?"

ఇన్‌స్పెక్టరు డ్రమ్మును లాఠీతో తట్టాడు. గోనెబస్తా మీద కొట్టినట్టు దబ్ మంది.

"డ్రమ్మయితే ఇలా మోగుతుందా? లోపల ఏదో ఉంది. విప్పండి."

"విప్పక్కర్లేదు సాబ్," అన్నాడు మల్లికార్జున. ఆ రోజు ఆయన మెల్లగా మాట్లాడిన మొదటి మాట అదే. ఒక కానిస్టేబులు రెండడుగులు దగ్గరికి వచ్చాడు. సరోజిని మొగుడి మొహంలోకి చూసింది.

"అంటే, తెలియనివాళ్ళు విప్పితే పాడవుతుంది. నేనే విప్పుతాను."

జేబులో నుంచి చిన్న రెంచి తీశాడు. వరసగా బిగింపులన్నీ ఊడదీశాడు. అది మొదటిసారి విప్పుతున్న చెయ్యి కాదని సరోజినికి రెండో బిగింపు దగ్గరే తెలిసిపోయింది. పొర ఊడి వచ్చింది. లోపల నుంచి నల్లటి మిలిటరీ కంబళి బయటికి వచ్చింది. దాని మూల నల్ల సిరాతో మల్లికార్జున సర్వీసు నంబరు ఉంది.

అందరూ వంగి ఆ నంబరు చదివారు. కుక్క మాత్రం తోక ఊపింది.

"నెల కింద పెట్టాను," అన్నాడు మల్లికార్జున కంబళిని చూస్తూ. "తెల్లవారితే పరేడు, సాయంత్రం ఇంటికొస్తే ఈ మోత. పారేస్తానని నోటితో అనగలిగాను కానీ చేతులు రాలేదు. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుని కొనుక్కున్నాడు కదా వాడు. అందుకని దాని గొంతులో ఇది కుక్కాను."

"ఎర్ర సిరా లేదన్నావు ఇందాక," అంది హనుమాయమ్మ.

ఉదయ్ కంబళి వైపు కాదు, తన కుడికాలి వైపు చూసుకుంటున్నాడు. "నెల నుంచా?" అన్నాడు. "ఎంత తొక్కినా శబ్దం పలకట్లేదు నాన్నా. నా కాలే పనికిరాకుండా పోయిందనుకున్నా. ఇక నాకు ఇది రాదనుకున్నా."

మల్లికార్జునకి ఆ మాట ఇన్‌స్పెక్టరు లాఠీ కన్నా గట్టిగా తగిలింది. పొరను బిగించడం మొదలుపెట్టాడు. కంబళి మాత్రం బయటే ఉంచాడు.

రెండు పెట్టెల మీదా కాగితాలు రాయడం అయ్యేసరికి పదకొండున్నర అయింది, అప్పటిదాకా ఆపేసిన రైలూ కదిలింది. త్యాగరాజు పదమూడు పెట్టెలతో తేజ్‌పూర్ బయలుదేరాడు. "అన్నయ్యగారూ, దానికి తడి తగలనివ్వకండి," అని నాగమల్లేశ్వరి కిటికీలో నుంచి చెబుతూనే వెళ్ళిపోయింది.

కరోల్‌బాగ్ చేరేసరికి పన్నెండు. బక్షీ నేలమాళిగ గదిలో గడియారం కింద కూర్చుని ఉన్నాడు.

"అరగంట ఆలస్యం. ఆర్కెస్ట్రాలో డ్రమ్మరే ఆలస్యమైతే ఇక టైము ఎవరు చూస్తారు బేటా?"

"తప్పు నాది సాబ్. వాడిది కాదు. ఒక్క పాట వినండి," అన్నాడు మల్లికార్జున.

ఉదయ్ కూర్చున్నాడు. మొదటి దెబ్బ తొక్కగానే నెల రోజుల తర్వాత డ్రమ్ము నోరు విప్పింది. ఆ కుర్రాడి మొహం ఒక్కసారిగా వెలిగింది. చేతులు ఉతికేశాయి. కాలు ఎక్కడా తడబడలేదు. బక్షీ తల ఊపుతూనే చెవులు మూసుకున్నాడు.

"రోకో, రోకో. చెయ్యి బాగుంది, కాలు ఇంకా బాగుంది. కానీ ఈ డ్రమ్మేమిటి, గుహలో పులిలా? మైకు పెడితే హాలంతా లేచి పారిపోతుంది. లోపల ఏమీ పెట్టలేదా? దిండో, కంబళో ఏదో ఒకటి పెట్టుకోవాలి. ఎక్కడైనా కంబళి దొరుకుతుందా?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. భుజాన మిలిటరీ కంబళితో నాయబ్ సుబేదార్ మల్లికార్జున నిలబడి ఉన్నాడు.

ఈసారి ఆయనకి విప్పి బిగించడానికి మూడు నిమిషాలు పట్టింది. ఉదయ్ మళ్ళీ వాయించాడు. ఇప్పుడు శబ్దం గుండ్రంగా, పొట్టిగా, గుండె మీద తట్టినట్టు వచ్చింది. పాట అయ్యేలోపలే బక్షీ తన డైరీ తీశాడు.

"రేపు సాయంత్రం నుంచి రిహార్సల్. కంబళి మరిచిపోకు."

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో చింతపండు పెట్టె కదులుతూ ఒకటే గోల చేస్తుంటే, మల్లికార్జున జేబులో నుంచి భర్తీ ఫారం తీసి, నాలుగు మడతలు పెట్టి, పెట్టె కింద దూర్చాడు. కరోల్‌బాగ్ దాటేసరికి ఆ కంబళి తనే ముందుచూపుతో పెట్టానన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. కంటోన్మెంటు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయనకి మళ్ళీ కోపం వచ్చింది.

ఇంటికి రాగానే బల్ల ముందు కూర్చుని, మూడు తెల్లకాగితాల మధ్య కార్బన్లు పెట్టాడు.

"నా కంబళి సంగతి వేరు. అది ఇంటి విషయం. కానీ ఒక కళాకారుడి డ్రమ్ము అస్సాం పంపించాలని చూశారే, అది కుట్ర. త్యాగరాజు పేరు రాసి రేపు కమాండింగ్ ఆఫీసరు గారి ముందు పెడతాను. అతని కొత్త యూనిట్‌కి వెళ్తుంది కాగితం. ఎర్ర సిరా ఎంట్రీ పడి తీరాలి."

"పెళ్ళాం పిల్లలున్నవాడండీ," అంది సరోజిని.

"నా కొడుక్కి భవిష్యత్తు లేదా?"

కలం 'హవల్దార్ త్యాగరాజు' దాకా వచ్చింది. ఉదయ్ వచ్చి ఆ పేరు మీద చెయ్యి పెట్టాడు. సరోజినికి అతని బొటనవేలు మళ్ళీ కనిపించింది.

"ఆ పేరు కొట్టెయ్ నాన్నా. పెట్టె మార్చింది నేనే. ఇది సున్నం కాదమ్మా, పెయింటు. నిన్న మధ్యాహ్నం మీరంతా యూనిట్‌లో త్యాగరాజు అంకుల్ వాళ్ళ వీడ్కోలు భోజనానికి వెళ్ళినప్పుడు మన పెట్టె మీద పద్నాలుగులో తొమ్మిది అని రాసి వాళ్ళ వరండాలో పెట్టాను. వాళ్ళ పెట్టె మీద అంకెకి నల్లరంగు పూసి మనింటికి ఈడ్చుకొచ్చాను. కాలు పోయిందనుకున్నా కదా. డ్రమ్ము లేకపోతే టెస్టు ఉండదు, టెస్టు లేకపోతే నీ ముందు ఫెయిలవడం ఉండదు అనుకున్నా. తేజ్‌పూర్ చాలా దూరం, అది ఇక వెనక్కి రాదనుకున్నా. నువ్వే పరిగెత్తుకెళ్ళి తెస్తావని తెలిస్తే యమునలోనే పారేసేవాణ్ణి."