తడి రుమాలు పరీక్ష

పొద్దున్న ఆరింటికి రేడియోలో భార్య తుమ్మిన తుమ్ము, వంటింట్లో పాలు కాస్తున్న గుమాస్తా గుండెల్లో పడింది. ఆవిడ అనౌన్సరు. నడుం దాటిన జడ, తెల్లారకముందే తలస్నానం, తడి ఆరకుండానే బస్సు. వారంలో ఇది మూడో తుమ్ము. నాలుగోది వినబడితే పొద్దుటి కార్యక్రమం వేరేవాళ్ళకిచ్చేస్తానని స్టేషన్ డైరెక్టరు ముందే చెప్పాడు. పదేళ్ళుగా ఆవిడకి ఆ కార్యక్రమమే ప్రాణం.

గుమాస్తా తొమ్మిదింటికి ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి, జ్వరమని సెలవడిగాడు.

"నిశ్చింతగా పడుకోండి. మేనేజరుగారు కూడా లేరు, హెడ్డాఫీసులో మీటింగట" అన్నాడు అవతలి మనిషి.

పది కాకుండానే గుమాస్తా దుకాణంలో ఉన్నాడు. మంచి హెయిర్ డ్రయ్యర్ కావాలి, ధర సరసంగా ఉండాలి. దుకాణదారు నున్నగా మెరుస్తున్న అతని తల వంక ఓసారి చూశాడు.

"ఎవరికండీ?"

"మా ఆవిడకి. నాకు తుండుగుడ్డే ఎక్కువ."

దుకాణదారు మూడు డ్రయ్యర్లు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి చవక, ఒకటి ఖరీదు, ఒకటి మధ్యరకం. మూడూ మంచివేనన్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు, అతని మాట నమ్మేదెలా? పరీక్షించడానికా, తలమీద వెంట్రుక లేదు. గుమాస్తా జేబురుమాలు తడిపి బల్లమీద పరిచాడు. మూడు డ్రయ్యర్లూ ఒకే బోర్డుకి తగిలించాడు.

"ఒకేసారా? వద్దండీ బాబూ!"

"పోటీ అన్నాక అందరూ ఒకేసారి పరిగెత్తాలయ్యా."

మూడూ బుస్సుమన్నాయి. రుమాలు లేచి దుకాణదారు మొహానికి అతుక్కుంది. టప్పుమని శబ్దం. ఆ వరసలో కరెంటంతా పోయింది. దర్జీ మిషను ఆగింది, జిరాక్సు మిషను కాగితాన్ని నోట కరుచుకుని ఊరుకుంది. పక్క సెలూన్లోంచి ఒక పొలికేక.

"ఎవడ్రా కరెంటు తీసింది? పంపులో నీళ్ళు రావట్లేదు!"

మెడకి గుడ్డతో ఒకాయన దూసుకొచ్చాడు. నెత్తిన సగమే వేసిన నల్లరంగు చెవిమీదుగా కారుతోంది. గుమాస్తా గుర్తుపట్టాడు. ఆయన తమ ఆఫీసు మేనేజరు.



"జ్వరమెలా ఉంది?" అన్నాడు మేనేజరు.

"తగ్గిందండి. మీటింగు?"

"మధ్యలో ఆగింది."

మేనేజరు చెవి తుడుచుకుంటూ బల్లకేసి చూశాడు. "ఆ మధ్యది తీసుకో. మా ఇంట్లో మూడేళ్ళుగా ఉంది, జుట్టు మాడ్చదు." ఆపైన దుకాణదారు వైపు తిరిగి, "ఏమయ్యా, నాకిచ్చిన ధరకే ఇతనికీ ఇవ్వు" అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోతే చాలనుకున్న దుకాణదారు ఇంకో పది తగ్గించాడు.

మర్నాడు పొద్దుటి కార్యక్రమం తుమ్ము లేకుండా సాగింది. గుమాస్తా రేడియో పక్కనే నిలబడి, ఆఖరి మాటదాకా ఊపిరి బిగబట్టి విన్నాడు.

"ఇంత మంచిది ఎలా ఎంచారండీ?" అంది భార్య ఇంటికొచ్చి.

"ఆఫీసువాళ్ళని అడిగాలే."

ఆఫీసులో మేనేజరు జుట్టు సగం నలుపెందుకైందని అందరూ అడిగారు, గుమాస్తా తప్ప. ఆ ఏడాది అతనికో ప్రశంసాపత్రం వచ్చింది, విధినిర్వహణలో గోప్యత పాటించినందుకు.