తప్పంతా తూటాదే!

వేట తుపాకీకి ఇన్ని రకాల తూటాలు కనిపెట్టిన మహానుభావులకు మా ఆడవాళ్లందరి తరఫునా శతకోటి దండాలు! నవ్వకండి. ఈ ఉత్తర మిషిగన్ అడవుల్లో కాపురాలు ఇంకా నిలబడి ఉన్నాయంటే అది వాళ్ల చలవే.

ఆ రకాలు లేని రోజుల్లో నా బతుకు ఎలా ఉండేదో మీకేం తెలుసు? మా ఆయన రేనో నవంబరులో జింకను చూసి తుపాకీ పేల్చేవాడు. జింక తోక ఆడించుకుంటూ వెళ్లిపోయేది. తప్పెవరిది? ఇంకెవరిది, నాదే! నేను కోటు ఉతికిన సబ్బు వాసన జింక ముక్కుకు తగిలిందట. నేను అల్లిన మేజోళ్లు సరిగ్గా ఆ క్షణంలోనే దురద పెట్టాయట. ఒక ఏడాదైతే బయల్దేరేటప్పుడు నేను "జాగ్రత్త" అన్నానట, దాంతో ఆయన మనసు చెదిరిపోయిందట!

ఇప్పుడా బాధ లేదు. దుకాణంలో ఓ గోడ గోడంతా తూటాలే. మెత్తటి సీసం ముక్కువి, ప్లాస్టిక్ మొనవి, అచ్చంగా రాగివి, గుండు మూతివి, వెనకవైపు సన్నబడేవి. నిందలు మోయడానికి ఇన్ని వీపులుండగా నా వీపుతో పనేముంది?

"ఒక్కో తుపాకీకి ఒక్కో తూటా పడుతుందే హెల్మీ," అంటాడు మా ఆయన. "బరువు మారితే దెబ్బ తగిలే చోటు మారుతుంది. రాగిది పొడుగ్గా ఉంటుందా, గొట్టంలో చాలినంత తిరగకపోతే గాల్లో తడబడుతుంది."

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే ఏ తూటాతో వేటకు వెళ్తామో దానితోనే ముందు కాగితం మీద కాల్చి, తుపాకీ మీది దుర్భిణి సరిచేసుకోవాలి. ఊరందరినీ ఆపి మరీ ఈ సంగతి చెప్పేది మా ఆయనే!

మరి తను చేసేదేమిటి? ఆగస్టులో పాత సీసపు తూటాలతో ముచ్చటగా గురి సరిచూసుకుంటాడు. తీరా వేట మొదలయ్యే ముందు సాయంత్రం వెళ్లి మెరిసిపోయే కొత్త పెట్టె కొనుక్కొస్తాడు. అందులోంచి ఒక్కటి కూడా కాల్చి చూడడు. ఎందుకు చూడాలి చెప్పండి? చూస్తే రేపు నింద వేయడానికి ఏం మిగులుతుంది?

మా వేట గుడిసెలో ఓ ఆచారం ఉంది. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, గోడకు మేకు కొడతారు. ఆ గోడ మీద అందరి ముక్కలూ ఉన్నాయి, పాస్టరుగారిది కూడా. మా ఆయనది మాత్రం లేదు! తూటా చేసిన తప్పుకు చొక్కాను శిక్షిస్తారా అని ప్రతి ఏడూ వాదించి గెలుస్తాడు. నాకు నగలొద్దు, నాణేలొద్దు. ఆయన నోట "తప్పు నాదే" అన్న మాట ఒక్కసారి వినాలని పెళ్లయిన నాటి నుంచీ కోరిక.

ఈసారి నేను మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడి వేడి పాస్టీలు పట్టుకుని గుడిసెకు వెళ్లేసరికి పంచాయితీ మొదలైపోయింది. పెద్ద మగ జింక నలభై గజాల దూరంలో, అడ్డంగా నిలబడి మేస్తోందట. మా ఆయన పేల్చాడట. అది తలెత్తి చూసి, నింపాదిగా నడిచి వెళ్లిపోయిందట!

"ఒరేయ్ రేనో, టోపీ విసిరినా తగిలేది కదరా!" అన్నాడు ఒన్ని బాబాయ్. మా మామగారి తమ్ముడు, గుడిసెకు పెద్ద, కత్తెర ఉండేది ఆయన దగ్గరే.

"నన్నంటావేంటి బాబాయ్? ఆ రాగి తూటాలను అను! నా తుపాకీకి అవి పడలేదు."

"తే ఇలా!"

బాబాయ్ వంద గజాల అవతల మొద్దుకు కాగితం పళ్లెం తగిలించి, అదే తుపాకీతో, అవే తూటాలతో మూడుసార్లు కాల్చాడు. మూడు చిల్లులనూ బొటనవేలితో మూసేయొచ్చు, అంత దగ్గరగా పడ్డాయి. కాకపోతే మధ్యలోంచి నాలుగు వేళ్లు ఎడమకు.

మా ఆయన ఎగిరి గంతేశాడు. "చూశారా! పక్కకు కొడుతోంది! నే చెప్పలా?"

"వంద గజాల్లో నాలుగు వేళ్లు. నలభైలో ఇంకా తక్కువ. ఎంత పక్కకు పోయినా జింక ఒంట్లోనే ఉంటుంది కదరా సన్నాసీ! పాపం తూటాలు మూడూ ఒక్కచోటికే వెళ్లాయి. ఇంక మిగిలిందెవడు?"

అందరూ నమలడం ఆపేశారు. మా ఆయన తుపాకీ వంక చూశాడు, దుర్భిణి వంక చూశాడు, నా వంక చూశాడు. అయిపోయింది, పాస్టీల వాసన అంటాడనుకున్నాను.

"కొమ్ములు కనబడగానే ఒళ్లంతా వణికింది బాబాయ్," అన్నాడు మెల్లగా. "కళ్లు మూసుకుని నొక్కేశా. ఏటా ఇదే కథ. తప్పు నాదే." తనే వెనక్కి తిరిగి చొక్కా పైకి లాగి పట్టుకున్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది, ఏం దాచుకోను!

"అందరికీ వణుకుతుందిరా వెర్రివాడా," అన్నాడు బాబాయ్ కత్తెర ఆడిస్తూ. "లేకపోతే ఇంత గోడ ఎలా నిండుతుంది?"

నిన్న దుకాణంవాడు ఫోన్ చేశాడు. సరికొత్త రకం తూటాలు దిగాయట, గురి తప్పే ప్రసక్తే లేదట, రేనోగారికి చెప్పమన్నాడు. రేనోగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరని చెప్పి పెట్టేశాను.